హజ్రత్ ఉమర్ (రజి) దివాను - యంత్రయుగంలో కనీస ఆదాయం

యంత్రం మనిషి చేతిలోని పనిని లాగుకొన్నప్పుడు ఆ మనిషి ఇంట పొయ్యి ఎట్లా వెలగాలి అన్న ప్రశ్న కొత్తది కాదు. మగ్గం స్థానంలో మిల్లు వచ్చిననాడు నేతగాడు ఈ ప్రశ్న వేశాడు. నేడు లెక్కలు వ్రాసే గుమాస్తా, కాగితాలు తర్జుమా చేసే విద్యావంతుడు కూడా అదే ప్రశ్న వేస్తున్నారు. కండబలానికే పోటీ అనుకొన్న యంత్రం ఇప్పుడు కలం పట్టేవారి దగ్గరికీ వచ్చింది. దీనికి సమాధానంగా ఆర్థికవేత్తలలో కొందరు ఒక సూచన చేస్తున్నారు. పని ఉన్నా లేకున్నా, పేదవాడైనా కలవాడైనా, ప్రతి పౌరునికి నెలనెలా కొంత మొత్తాన్ని షరతులు లేకుండా ప్రభుత్వమే చెల్లించాలన్నది ఆ సూచన. దీనికి సార్వత్రిక కనీస ఆదాయమని పేరు. భారత ప్రభుత్వం వెలువరించిన 2016-17 ఆర్థిక సర్వే ఈ విషయానికి ఒక అధ్యాయమే కేటాయించింది.

ఈ ఆలోచన చరిత్రను వ్రాసేవారు సాధారణంగా 1797లో థామస్ పెయిన్ చేసిన ప్రతిపాదనతో మొదలుపెడతారు. భూమి అందరిదీ గనుక, దానిని కొందరు స్వంతం చేసికొన్నందుకు పరిహారంగా 21 ఏళ్లు నిండిన ప్రతి వ్యక్తికీ 15 పౌన్లు, 50 ఏళ్లు నిండినవారికి ఏటా 10 పౌన్లు ఇవ్వాలని ఆయన కోరాడు. అది ప్రతిపాదనగానే మిగిలింది. అంతకు పదకొండు శతాబ్దాలకు పైగా ముందే మదీనా నగరంలో ఒక పట్టీ తయారయింది. అందులో పురుషుల పేర్లు, స్త్రీల పేర్లు, పాలు త్రాగే పసికందుల పేర్లు వ్రాసి, ఒక్కొక్క పేరుకు ఎదురుగా ఏటా ఇవ్వవలసిన దిర్హముల సంఖ్య వేశారు. ఆ పట్టీ పేరు దివాను. తెలుగువారు సర్కారు కచ్చేరీని దివాణమన్నది ఈ మాటతోనే.

ఆ దివానే నేటి కనీస ఆదాయానికి మూలరూపమని చాటే రచనలు ఉర్దూలోనూ ఇంగ్లీషులోనూ చాలినన్ని ఉన్నాయి. అవి చెప్పేదానిలో కొంత నిజమూ, కొంత ఉత్సాహమూ ఉన్నవి. ఆ పట్టీ ప్రధానంగా సైనిక సేవకు కట్టుబడిన సమాజం కోసం, కుటుంబ సమేతంగా వ్రాసిన పట్టీ. వలస వచ్చి శిబిర నగరాలలో స్థిరపడక తమ ఎడారిలోనే ఉండిపోయిన తెగలవారికి అందులో స్థానం లేదు. అయితే డబ్బు ఎక్కడినుండి రావాలి, ఎవరి పేరు వ్రాయాలి, అందరికీ సమానమా లేక తరతమ భేదమా, తిని కూర్చుంటే జనం సోమరులు కారా అంటూ నేడు సాగుతున్న తర్కమంతా ఆనాడు మదీనా వీథులలో సాగింది. అక్కడ అది కాగితం మీది తర్కం కాదు. తేల్చి పంచవలసిన వ్యవహారం.

నిద్రమత్తు అనుకొన్న సంఖ్య

దివాను ఎట్లా పుట్టిందో ఇమామ్ అబూ యూసుఫ్ తన కితాబుల్ ఖరాజ్‌లోనూ, బలాజురీ, ఇబ్న్ సఅద్‌లు తమ గ్రంథాలలోనూ వివరించారు. హజ్రత్ అబూ హురైరా (రజి) బహ్రయిన్ ప్రాంతం నుండి ధనం తీసికొని మదీనాకు వచ్చారు. ఎంత తెచ్చావని ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) అడిగితే 5 లక్షల దిర్హములని ఆయన జవాబిచ్చారు. ఖలీఫా నమ్మలేదు. ఏమంటున్నావో నీకు తెలుస్తున్నదా అని మళ్లీ అడిగారు. లక్ష చొప్పున ఐదుసార్లు లెక్కపెట్టి చెప్పినా, నీకు నిద్రమత్తుగా ఉన్నది, ఇంటికి పోయి పడుకొని ఉదయం రమ్మని పంపివేశారు. ఉదయమూ అదే సంఖ్య వినిపించింది. అప్పుడు ఖలీఫా ప్రజలను సమావేశపరచి, ఇంత ధనం వచ్చింది, కొలిచి పంచమంటారా, లెక్కించి పంచమంటారా అని అడిగారు. పరదేశ ప్రభువులు పట్టీలు వ్రాయించి దాని ప్రకారం చెల్లిస్తారని, తాను చూశానని సభలో ఒకరు సూచించారు. ఇది హిజ్రీ 15లో జరిగిందని కొందరు, 20లో జరిగిందని కొందరు చరిత్రకారులు వ్రాశారు.

వంశావళులు బాగా ఎరిగిన అఖీల్ బిన్ అబీ తాలిబ్, మఖ్రమా బిన్ నౌఫల్, జుబైర్ బిన్ ముత్ఇమ్ అనే ముగ్గురికి వ్రాతపని అప్పగించారు. వారు మొదట దైవప్రవక్త (స) వంశమైన బనూ హాషిం వారిని, తరువాత హజ్రత్ అబూ బక్ర్ (రజి) వంశీయులను, ఆ వెనుక ఉమర్ వంశీయులను వ్రాసి తెచ్చారు. ఖలీఫా దానిని త్రిప్పి పంపారు. ప్రవక్తకు బంధుత్వంలో దగ్గరివారితో మొదలుపెట్టి వరుసగా పొమ్మని, ఆ వరుసలో ఉమర్ ఎక్కడ వస్తే అక్కడ వ్రాయమని ఆదేశించారు. స్వంత వంశంవారికి ఇది రుచించలేదు.

పంచని భూమి

ఆ ధనం ఒక్కసారి వచ్చిన కొల్లసొమ్మే అయితే పట్టీ రెండేళ్లలో ఖాళీ అయ్యేది. దివాను నిలబడడానికి అసలు కారణం ఇరాక్‌లో తీసికొన్న ఒక నిర్ణయం. సవాద్ అనే సారవంతమైన నేల చేజిక్కినప్పుడు దానిని గెలిచిన సైనికులకే పంచాలని హజ్రత్ బిలాల్, జుబైర్ (రజి) వంటి పెద్దలు పట్టుపట్టారు. అప్పటి వాడుక వారి పక్షాననే ఉన్నది. ఉమర్ (రజి) అంగీకరించలేదు. భూమి ఈ చేతులలో పడితే రేపు పుట్టేవారికి మిగిలేదేమిటన్నది ఆయన ప్రశ్న. రోజుల తరబడి వాదం నడిచింది. సంపద కలవారి మధ్యనే తిరుగాడరాదని చెప్పే హష్ర్ సూరాలోని ఆయతులను, వాటి వెంటనే రాబోయే తరాల ప్రస్తావన తెచ్చే ఆయతును ఆయన ప్రమాణంగా చూపారు. హజ్రత్ అలీ (రజి) ఆయనను బలపరిచారు. భూమి సాగుదారుల చేతిలోనే ఉన్నది. దానిపై ఖరాజు ప్రజాధనాగారానికి చేరింది.

ఉస్మాన్ బిన్ హునైఫ్ సవాద్‌ను కొలిపించగా 3 కోట్ల 60 లక్షల జరీబులు తేలింది. జరీబు ఆనాటి భూమి కొలత. అదే పేరుతో ధాన్యపు కొలత కూడా ఉండేది. కృష్ణా తీరంలో నీటి వసతి గల మంచి నేలను నేటికీ జరీబు భూమి అనడం తెలుగు పాఠకులకు తెలిసినదే. గోధుమ పండే జరీబుకు 4 దిర్హములు, బార్లీ పండే జరీబుకు 2 దిర్హములు శిస్తు నిర్ణయించినట్లు ఒక ఉల్లేఖనం. ఉమర్ మరణానికి ముందు సవాద్ ఆదాయం 10 కోట్ల దిర్హములకు చేరిందని అబూ యూసుఫ్ పేర్కొన్నారు.

ఆధునిక కాలంలో దీనికి దగ్గరి పోలిక అమెరికాలోని అలాస్కా రాష్ట్రం. అక్కడి చమురు ఆదాయంలో కొంత భాగాన్ని శాశ్వత నిధిలో చేర్చి, 1982 నుండి ఏటా ఆ రాష్ట్రవాసులకు తలకింత చొప్పున పంచుతున్నారు. రెండు చోట్లా ఉత్పత్తి మూలాన్ని పంచలేదు; దాని నుండి వచ్చే ఫలాన్ని పంచారు. అయితే ఒక తేడా మరువరాదు. చమురు నేలనుండి వస్తుంది. ఖరాజు రైతు చెమటనుండి వస్తుంది. సవాద్ రైతులలో అత్యధికులు ముస్లింలు కారు. దివానులో వారి పేర్లు లేవు. ఒకరి భృతి మరొకరి శిస్తు. ఖలీఫాకు ఇది తెలియనిది కాదు. హత్యకు కొద్దిదినాల ముందు ఆయన శిస్తు అధికారులైన ఉస్మాన్ బిన్ హునైఫ్, హుజైఫాలను నిలబెట్టి, భూమి మోయలేనంత భారం వేశారేమోనని నిలదీసి అడిగారు. తాను బ్రతికి ఉంటే ఇరాక్ వితంతువులు ఇక ఏ మగవాని ఆసరా కోరనవసరం లేకుండా చేస్తానని ఆ సంభాషణలోనే అన్నట్లు బుఖారీ గ్రంథంలో ఉన్నది.

మరొక ఉదంతం కూడా ఇక్కడ చెప్పదగినది. కంటిచూపు లేని ఒక యూదు వృద్ధుడు ఇంటింట యాచించడం ఖలీఫా చూశారు. జిజియా కోసమూ, పొట్టకోసమూ అడుక్కొంటున్నానని అతడు చెప్పాడు. ఖలీఫా అతనిని తన ఇంటికి తీసికొనిపోయి చేతనైనది ఇచ్చి, తరువాత ఖజానా అధికారికి కబురంపారు. వయసులో ఉండగా ఇతని శ్రమను అనుభవించి ముదిమిలో విడిచిపెట్టడం న్యాయం కాదని, ఇతనికీ ఇటువంటివారికీ జిజియా తీసివేసి ధనాగారం నుండి ఇవ్వాలని ఆ ఆదేశం సారాంశం. దివానులో పేరు లేనివానికి కూడా హక్కు ఉండవచ్చునని ఒప్పుకొన్న సందర్భమిది. కాని అది ఖలీఫా కంటబడిన మనిషికీ, అటువంటి నిస్సహాయులకూ జరిగిన న్యాయం. పంట పండించే రైతు స్థితి దానితో మారలేదు.

అతా, రిజ్ఖ్

దివాను ప్రకారం చెల్లింపులు రెండు విధాలు. ఏటా ఇచ్చే నగదు అతా. నెలనెలా ఇచ్చే తిండిగింజలు రిజ్ఖ్. మనవారు జీతబత్తేలని జంటగా అనే మాట ఈ రెంటికీ ఇంచుమించు సరిపోతుంది. అయినా అతాను తెలుగులో ఏమనాలన్నది అనువాదకులకు చిక్కే. దానమంటే తప్పు, అందుకొనేవారు దానిని హక్కుగా అందుకొన్నారు. జీతమంటే సగం తప్పు. పసిపిల్లవాడు ఏ కొలువు చేశాడు? ఉర్దూవారు వజీఫా అని సరిపెట్టుకొన్నారు. మాటకు ఇవ్వడమనే అర్థం తప్ప వేరు లేదు. భృతి అనడమే ఉన్నంతలో మేలు.

అతా విషయంలో మొదటి ఇద్దరు ఖలీఫాలు వేర్వేరు మార్గాలు అనుసరించారు. హజ్రత్ అబూ బక్ర్ (రజి) వచ్చినదానిని స్వతంత్రులకు, బానిసలకు, ఆడవారికి, మగవారికి, పిన్నలకు, పెద్దలకు సమానంగా పంచారు. మొదటి ఏడు మనిషికి 7 దిర్హములూ, ఒక దిర్హములో మూడోవంతూ వచ్చింది. మరుసటి ఏడు 20 దిర్హములు. ముందుగా ఇస్లాం స్వీకరించి కష్టాలు పడినవారికి ఎక్కువ ఇవ్వవలదా అని కొందరు అడిగారు. ఆ ఘనతకు ప్రతిఫలం దేవుని వద్ద ఉన్నదని, ఇది పొట్టకు సంబంధించిన విషయమని, ఇందులో సమానతే మేలని ఆయన బదులిచ్చారు.

హజ్రత్ ఉమర్ (రజి) అట్లా భావించలేదు. ప్రవక్తతో కలిసి పోరాడినవారినీ, ప్రవక్తపై పోరాడి తరువాత వచ్చినవారినీ ఒకే వరుసలో నిలపలేనన్నారు. అబూ యూసుఫ్ ఇచ్చిన లెక్క ప్రకారం ప్రవక్త సతీమణులకు 12,000 దిర్హములు, బద్ర్ యుద్ధంలో పాల్గొన్నవారికి 5,000, వారివలె తొలినాళ్లలో విశ్వసించినా బద్ర్‌కు రానివారికి 4,000, అట్లా మెట్లుమెట్లుగా దిగి సామాన్యులకు 300, 400 వరకు వచ్చింది. ఇతర గ్రంథాలలో అంకెలు కొంత మారినా మెట్ల క్రమం మారదు. ఖలీఫా తన కుమారుడు అబ్దుల్లాకు 3,000 వ్రాయించి, విముక్త బానిస జైద్ కుమారుడు ఉసామాకు 4,000 వ్రాయించారు. కుమారుడు కారణం అడిగితే, ప్రవక్తకు నీ తండ్రి కంటే అతని తండ్రి, నీ కంటే అతడు ఎక్కువ ప్రియమైనవారని సమాధానం వచ్చింది.

ఈ మెట్లను చూసి కొందరు ఆధునిక రచయితలు ఇబ్బంది పడి దాటవేస్తారు. దాటవేయనవసరం లేదు. ఎందుకంటే తిండిగింజల విషయంలో అదే ఖలీఫా మెట్లు పెట్టలేదు. ఎంత తిండి చాలునో తేల్చడానికి ఆయన చేసిన పరీక్ష బలాజురీ గ్రంథంలో ఉన్నది. ఒక జరీబు ధాన్యం పిండిని పిసికించి, రొట్టెలు కాల్పించి, తుంచి కలిపించి ముప్పది మందిని మధ్యాహ్న భోజనానికి పిలిచారు. వారు తృప్తిగా తిన్నారు. రాత్రికి మళ్లీ అట్లాగే చేశారు. ముప్పది మందికి ఒక దినానికి రెండు జరీబులు సరిపోతే, ఒక మనిషికి ముప్పది దినాలకు రెండు జరీబులు సరిపోవాలి. అదే నెలసరి బత్తెంగా స్థిరపడింది. కొలపాత్రలు చేతబట్టి ఖలీఫా ఈ సంగతి ప్రకటించినప్పుడు, బానిసకు కూడానా అని ఒకరు అడిగితే, బానిసకు కూడానని జవాబు వచ్చినట్లు ఉల్లేఖనం. గౌరవం లెక్కలో తేడాలు ఉండవచ్చు, ఆకలి లెక్కలో తేడా లేదన్నది ఈ రెండు పద్ధతుల మధ్య కనిపించే విభజన. నగదుగా కాక రొట్టెగా కొలవడం కూడా గమనించదగినది. ఇరాన్ ప్రభుత్వం 2010 డిసెంబరులో ఇంధన రాయితీలు తగ్గించి అందుకు బదులుగా మనిషికి నెలకు 4,55,000 రియాళ్లు ఇవ్వసాగింది. ఆ అంకె ఏళ్ల తరబడి అట్లాగే ఉండిపోగా ధరలు దానిని తినివేశాయి. రెండు జరీబుల ధాన్యం ఎప్పుడైనా రెండు జరీబులే.

సోమరితనం భయం, పాలు విడిచిన బిడ్డ

భృతి ఇస్తే జనం పని మానుతారన్న అభ్యంతరం మొదట లేవదీసినది మక్కా వర్తక ప్రముఖుడు అబూ సుఫ్యాన్. రోమీయుల దివాను వంటిది పెడుతున్నావా, జనం దీనిపై ఆధారపడి వ్యాపారం వదిలివేస్తారని ఆయన హెచ్చరించాడు. ధనం పెరిగింది, ఇది తప్పదని ఖలీఫా క్లుప్తంగా జవాబిచ్చారు. కాని ఆ మాటను ఆయన కొట్టిపారేయలేదని మరొక సంభాషణ వలన తెలుస్తుంది. ఇరాక్ నుండి వచ్చిన ఖాలిద్ బిన్ ఉర్ఫుతా అక్కడి కుటుంబాలకు అందుతున్నది అవసరానికి మించి ఉన్నదని చెప్పాడు. అది వారి హక్కు, నన్ను పొగడనవసరం లేదు, నా తండ్రి ఖత్తాబ్ సొమ్మయితే ఇచ్చేవాడినే కానని ఖలీఫా అన్నారు. ఆ వెంటనే ఒక సలహా చెప్పారు. భృతి అందగానే కొన్ని గొర్రెలు కొని సవాద్‌లో విడిస్తే, మరుసటి ఏడు ఇంకొకటి రెండు చేరిస్తే, తన తరువాత వచ్చే పాలకులు భృతిని లక్ష్యపెట్టకపోయినా వారి బిడ్డలకు ఒక ఆధారం ఉంటుందని ఆ సలహా. భృతి ఇస్తున్న పాలకుడే అది శాశ్వతం కాదని హెచ్చరించడం చరిత్రలో అరుదు.

పని మానడం గురించి ఇటీవలి ఆధారం ఒకటున్నది. ఫిన్లాండ్ ప్రభుత్వం 2017, 2018 సంవత్సరాలలో 2,000 మంది నిరుద్యోగులకు నెలకు 560 యూరోలు షరతు లేకుండా ఇచ్చి చూసింది. వారి పనిదినాలు తగ్గలేదు, స్వల్పంగా పెరిగాయి. మదీనాలో ఇందుకు దృష్టాంతం హజ్రత్ జైనబ్ బిన్తె జహష్ (రజి). ప్రవక్త సతీమణిగా వచ్చిన 12,000 దిర్హములను చూసి, అవి అందరివీ కలిపి తెచ్చారేమో అనుకొన్నారామె. తనకేనని తెలిశాక దానిపై గుడ్డ కప్పించి, పిడికెళ్లతో తీయించి బంధువులకు, అనాథలకు పంచివేశారు. తోలు పదును చేసే చేతిపని ఆమెకు వచ్చు. ఆ సంపాదనే దానధర్మాలకు వినియోగించేవారు.

అందరూ జైనబ్‌లు కారన్నది నిజమే. అయితే భృతి మనిషి నడవడిని ఎట్లా మారుస్తుందో తెలిపే అసలైన ఉదంతం వేరొకటి ఉన్నది. తొలుత పాలు విడిచిన పిల్లలకే భృతి వ్రాసేవారు. ఒక రాత్రి మదీనా వెలుపల నమాజు మైదానంలో దిగిన వర్తక బృందానికి కాపలాగా ఖలీఫా, అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మేల్కొని ఉన్నారు. ఒక పసిబిడ్డ ఏడ్పు వినిపించింది. ఖలీఫా వెళ్లి బిడ్డను సముదాయించమని తల్లికి చెప్పి వచ్చారు. కొంతసేపటికి మళ్లీ ఏడ్పు. మళ్లీ వెళ్లారు. మూడవసారి కోపగించారు. తనతో మాట్లాడుతున్నది ఎవరో ఎరుగని ఆ తల్లి విసిగి, బిడ్డ చేత పాలు మాన్పిస్తున్నాను, వాడు మానడం లేదు, పాలు విడిచిన పిల్లలకే గదా ఉమర్ భృతి ఇచ్చేది అన్నది. బిడ్డ వయసు ఇంకా పాలు మాన్పించేంత కాలేదు. ఆ ఉదయం ఫజ్ర్ నమాజులో ఖలీఫా కన్నీళ్ల వలన ఆయన పఠిస్తున్నది వెనుకవారికి స్పష్టంగా వినపడలేదట. నమాజు కాగానే, బిడ్డల చేత తొందరపడి పాలు మాన్పించవద్దని, పుట్టిన ప్రతి బిడ్డకూ భృతి వ్రాస్తామని చాటింపు వేయించి, రాష్ట్రాలన్నిటికీ ఉత్తరువులు పంపారు. అప్పటినుండి శిశువుకు 100 దిర్హములు. దారిలో దొరికిన అనాథ శిశువుకు కూడా 100 దిర్హములూ, నెల బత్తెమూ వ్రాసి పెంచేవారి చేతికి ఇచ్చేవారు.

అర్హులకే ఇవ్వాలన్నది నేటి సంక్షేమ అధికారులందరి నోట వినిపించే మాట. పాలు విడిచి ఉండడమనే ఆ చిన్న అర్హత ఆకలిగొన్న బిడ్డను రాత్రంతా ఏడ్పించింది. షరతు సదుద్దేశంతో పెట్టినదే. గింజలు తినే బిడ్డకే ఖర్చని ఎవరైనా అనుకొంటారు. అధికారి ఊహించని చోట తల్లి దానికి తగినట్లు తన నడవడి మార్చుకొన్నది.

గాలిమర చేయగల పనివాడు

చివరి రోజులలో హజ్రత్ ఉమర్ (రజి) తన మెట్ల పద్ధతిని పునరాలోచించారు. వచ్చే ఏడు దాకా బ్రతికి ఉంటే చిట్టచివరి వారిని మొట్టమొదటి వారితో కలిపి, భృతిలో అందరినీ సమానం చేస్తానని అన్నట్లు పలువురు ఉల్లేఖించారు. అంటే పదేళ్ల అనుభవం తరువాత ఆయన తిరిగి అబూ బక్ర్ మార్గానికే చేరుకొన్నారు. ఆ ఏడు రాలేదు. హిజ్రీ 23 చివర, అనగా క్రీ.శ. 644 నవంబరులో, ఫజ్ర్ నమాజులో ఆయనను పొడిచినవాడు అబూ లూలూ ఫీరోజ్ అనే బానిస.

తబరీ వ్రాసిన వివరం ఇది. ఫీరోజ్ ముగీరా బిన్ షుఅబాకు చెందిన బానిస. వడ్రంగం, కమ్మరం, చెక్కడం అతనికి తెలిసిన పనులు. మదీనాలో పని చేసికొంటూ యజమానికి దినానికి 2 దిర్హములు కట్టవలసి ఉండేది. అది ఎక్కువని ఖలీఫాతో మొరపెట్టుకొన్నాడు. ఇన్ని పనులు తెలిసినవానికి అది ఎక్కువేమీ కాదని ఖలీఫా తీర్పు. యజమానితో మాట్లాడి తగ్గించాలని ఆయన మనసులో ఉన్నదని కొన్ని ఉల్లేఖనాలు. గాలితో తిరిగి పిండి విసరే మరను చేయగలవని విన్నాను, నాకొకటి చేసిపెట్టమని ఖలీఫా అడిగారు. తూర్పు పడమరలు చెప్పుకొనేటటువంటి మర చేస్తానని బెదిరింపు ధ్వనించేట్లు అతడు జవాబిచ్చి వెళ్లాడు. గాలిమరకు సంబంధించిన తొలి ప్రస్తావనగా సాంకేతిక శాస్త్ర చరిత్రకారులు ఉదహరించేది ఈ సంభాషణనే.

హత్యను ఏ మొరా సమర్థించదు. హంతకుని వెనుక ఇతర కారణాలు కూడా చరిత్రకారులు చూపారు. అయినా ఈ ఘట్టం యంత్రయుగ పాఠకుని కొంతసేపు నిలుపుతుంది. మనిషి చేయి లేకుండా తిరిగే తిరగలిని తయారు చేయగల నేర్పు ఒకనిది. ఆ నేర్పు ఆదాయంలో రోజువారీ వాటా ఇంకొకరిది. నేర్పు పెరిగినకొద్దీ కట్టవలసినదీ పెరిగింది. సవాద్ భూమి విషయంలో ఇది ఎవరిది అని అంత లోతుగా ప్రశ్నించిన పాలకుడు, పనివాని నేర్పు విషయంలో వాడుకలో ఉన్న లెక్కనే అంగీకరించారు.

నేటి చర్చలో బలహీనమైన చోటు సరిగ్గా ఇదే. యంత్రాలు సంపద సృష్టిస్తాయి, దానిని అందరికీ పంచుదాము అంటారు. కాని యంత్రాలు సవాద్ వలె ఉమ్మడి ఆస్తి కావు. అవి కొన్ని కంపెనీల స్వంతం. వాటి ఫలాన్ని పంచాలంటే ముందు వాటిపై ఖరాజు వేసే అధికారం ఎవరిదో తేలాలి. మదీనాలో ముందుగా భూమి సంగతి తేల్చారు. దానివల్లనే పట్టీ ఏటేటా నడిచింది. యంత్రం సంగతి తేల్చకుండా పట్టీ వ్రాస్తే, దాని ఖర్చు మళ్లీ ఉప్పు, పప్పు, సబ్బు కొనే సామాన్యుని పన్ను మీదనే పడుతుంది.

పట్టీ తరువాతి కథ

గింజల బత్తెం మదీనాకు ఈజిప్టు నుండి వచ్చేది. కరువు ఏడు తరువాత అమ్ర్ బిన్ ఆస్ నైలు నుండి ఖుల్జుం రేవుకు కాలువ త్రవ్వించగా, ధాన్యం పడవల మీద జార్ రేవుకు చేరేది. అందుకొనేవారికి చీటీలు ఇచ్చేవారు. మర్వాన్ మదీనా గవర్నరుగా ఉన్న కాలానికి, గింజలు చేతికి రాకముందే ఆ చీటీలను చేతులు మార్చి అమ్ముకోవడం మొదలయింది. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) మరొక సహాబీతో కలిసి వెళ్లి, ఇది వడ్డీ వ్యాపారాన్ని అనుమతించడం కాదా అని మర్వాన్‌ను నిలదీశారు. మర్వాన్ భటులను పంపి చీటీలు లాగి అసలు వారికి ఇప్పించాడని ఇమామ్ మాలిక్ తన ముఅత్తాలో వ్రాశారు. చౌక ధరల దుకాణాల కార్డులు షావుకార్ల దగ్గర కుదువపడిన రోజులు చూసినవారికి ఇది వింతగా తోచదు.

ఉమవీల పాలనలో పట్టీ రాజకీయ ఆయుధమయింది. నచ్చినవారి భృతి పెరిగింది, నచ్చనివారిది ఆగింది. అంతకంటే పెద్ద అన్యాయం మవాలీలకు, అనగా ఇస్లాం స్వీకరించిన అరబ్బేతరులకు జరిగింది. ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ ఖలీఫాగా ఉన్నప్పుడు (717-720) ఖురాసాన్ నుండి వచ్చిన ప్రతినిధులలో ఒక మవాలీ, తమవారు 20,000 మంది అతా లేక, రిజ్ఖ్ లేక యుద్ధాలు చేస్తున్నారని, మతం మారినవారి నుండి ఇంకా జిజియా గుంజుతున్నారని నివేదించాడు. ఖలీఫా జిజియా ఆపించి, కొంతకాలానికి ఆ రాష్ట్ర గవర్నరును తొలగించారు. ఆయన పాలించినది రెండున్నర సంవత్సరాలే.

పట్టీలో పేరు ఎవరిదన్న చిక్కు తెలుగు నేలకు కూడా తెలుసు. తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరాకు పంటకు 4,000 రూపాయలు నేరుగా చేతికందడం మంచి మార్పే. కాని ఆ చెల్లింపు పట్టాదారు పాసుపుస్తకాన్ని బట్టి జరిగింది. కౌలుకు తీసికొని దున్నినవాని పేరు ఆ పుస్తకంలో లేదు. ఎకరాలు ఎక్కువ ఉన్నవారికి సొమ్మూ ఎక్కువగా ముట్టింది. పొలంలో నాగలి పట్టినవాడు ఆ పట్టీకి కనబడలేదు. పట్టీ ఏ దఫ్తరు చూసి వ్రాస్తారో ఆ దఫ్తరులోని అన్యాయమంతా పట్టీలోకి ప్రవహిస్తుంది. అఖీల్, మఖ్రమా, జుబైర్‌లు వంశావళి చూసి వ్రాశారు. అందుచేతనే వంశం లేని మవాలీ ముప్పాతిక శతాబ్ది తరువాత ఖురాసాన్‌లో భృతి లేని సిపాయి అయ్యాడు.

అబ్బాసీ ఖలీఫా ముఅతసిం కాలానికి సైన్యంలో అరబ్బుల అవసరం తగ్గి తురుష్క సిపాయిలు ప్రధానమయ్యారు. హిజ్రీ 218లో, అనగా క్రీ.శ. 833లో, అరబ్బుల పేర్లను దివాను నుండి కొట్టివేసి భృతి నిలపవలసిందని ఈజిప్టు గవర్నరుకు ఫర్మానా వెళ్లింది. లఖ్మ్, జుజామ్ తెగలవారు తిరుగబడ్డారు. ఇది మాకు హక్కుగా వస్తున్న సొమ్మన్నది వారి వాదం. తిరుగుబాటు త్వరలోనే అణగిపోయింది. ఆపైన ఈజిప్టు అరబ్బులు నైలు తీరపు పల్లెలలో సేద్యంలో కలిసిపోయారు. ఖరాజు అందుకొనే పట్టీలో కాక, ఖరాజు చెల్లించే పట్టీలో వారి పేర్లు ఎక్కాయి.